ఒక ప్రక్క పండని పండు

గత నవంబరు నెలాఖరున మా అమ్మాయి పట్టుదలను కాదనలేక నగర శివారులోని ఒక నర్సరీ నుండి నాలుగు స్ట్రాబెర్రీ మొక్కలు కొని తెచ్చాను. ఎనిమిదేండ్ల పిల్ల. పుస్తకంలో బొమ్మగాను, ఐస్‌క్రీములో రంగుగాను తప్ప ఆ పండును ఎరుగనిది, మొక్కన ఉండగా చూడాలని కోరింది. నేను తెలుగు అధ్యాపకుడిని. ప్రబంధాలలోని వనవర్ణనలను పాఠం చెప్పగలను గాని, ఒక మొక్కను స్వహస్తాలతో పెంచిన అనుభవం అంతకుముందు నాకు లేదు. మాది రెండవ అంతస్తులోని చిన్న వాటా. ముందటి వానాకాలంలో ఇంట్లో ఇద్దరికి డెంగీ జ్వరం వచ్చిన నాటి నుండి కిటికీలన్నింటికీ సన్నని దోమల జాలీ బిగించి ఉంచాము. ఎండ బాగా వచ్చే దక్షిణపు కిటికీ లోపలి గట్టు మీద నాలుగు కుండీలనూ అమర్చాము.

మన దేశంలో స్ట్రాబెర్రీకి పేరుపొందిన సీమ మహారాష్ట్రలోని మహాబలేశ్వరం. సహ్యాద్రి కొండలలో సుమారు 1,300 మీటర్ల ఎత్తున ఉన్న ఆ చల్లని ప్రాంతపు పండుకు 2010లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. మన వైపు చలికాలపు మూడు నాలుగు నెలలే దానికి అనువైనవి. ఆ నెలలలో మా మొక్కలు మమ్మల్ని నిరాశపరచలేదు. డిసెంబరు చివరి వారంలో అయిదు తెల్లని రేకులతో, నడుమ పసుపుపచ్చని దిమ్మెతో పూలు విప్పారాయి. అమ్మాయి ఉదయం లేవగానే కిటికీ వద్దకు పరుగెత్తి లెక్కపెట్టేది. రేకులు రాలాయి. పిందెలు కట్టాయి. ఇక పండ్లే తరువాయి అనుకున్నాము.

జనవరి చివర పండిన మొదటి పండును చూసి అమ్మాయి ముఖం చిన్నబోయింది. ఒక ప్రక్క నిండుగా ఎర్రబడి ఉబ్బింది. రెండవ ప్రక్క లోపలికి గుంటపడి, గట్టిగా, ఆకుపచ్చగా ఉండిపోయింది. ఆ గుంటలో గింజలు ఆవగింజలో సగమైనా లేకుండా ఒకదానినొకటి ఒరుసుకొని గుంపుగా ఉన్నాయి. తరువాతి రెండు పండ్లూ అంతే. ఒకదానికి కొన లేదు, మరొకదానికి నడుము నొక్కుకొని పోయింది. పురుగు పట్టిందేమోనని, ఎరువు చాలలేదేమోనని, నర్సరీవారు నాసిరకపు మొక్కను అంటగట్టారేమోనని పరిపరివిధాల అనుమానించాను. అన్ని అనుమానాలూ మొక్క మీదికే పోయాయి గాని, ఇంటి మీదికి ఒక్కటీ పోలేదు.

ఆ పండును కాగితంలో చుట్టి కళాశాలకు తీసుకొని వెళ్లి, మన వృక్షశాస్త్ర శాఖ అధ్యాపకురాలికి చూపాను. ఆమె దానిని త్రిప్పి చూసి నవ్వారు.

“మీ కిటికీకి జాలీ ఉందా సార్?” అన్నారు.

“ఉంది.”

“ఇంకేం, తేనెటీగ వచ్చే దారి లేదు. గాలి కూడా అంతంతమాత్రమే. ఈ గుంటపడిన చోట ఏ పురుగూ, ఏ గాలీ తాకలేదు. లోపం మొక్కలో లేదు. పువ్వులో పుప్పొడి ఉంది, దానిని అందుకొనే కీలాగ్రమూ ఉంది. రెండింటికీ మధ్య వెంట్రుకవాసి దూరం. దాటించేవారే లేరు.”

ఆ మధ్యాహ్నం ఆమె నాకు చెప్పిన పాఠాన్ని, నా బుద్ధికి అందినంతవరకు ఇక్కడ వ్రాస్తున్నాను. మనం స్ట్రాబెర్రీ పండని తినే ఎర్రని కండ నిజానికి పండు కాదు. అది ఉబ్బిన పుష్పాసనం. దాని ఒంటి నిండా పొదిగినట్లుండే గింజలే వృక్షశాస్త్ర దృష్టిలో అసలు పండ్లు. అందుచేతనే దీనిని అనృత ఫలమని అంటారు. పువ్వు నడుమనున్న పసుపుపచ్చని దిమ్మె మీద వందలకొద్దీ కీలాగ్రాలుంటాయి. గుత్తిలో మొదట విప్పారే పెద్ద పువ్వులో వాటి సంఖ్య మూడువందలు దాటవచ్చు. దిమ్మె చుట్టూ వలయంగా కేసరాలుంటాయి. పుప్పొడి ఆ కేసరాల నుండి ప్రతి కీలాగ్రానికీ విడివిడిగా చేరాలి. చేరిన చోట గింజ కడుతుంది. గింజ కట్టిన చోటనే దాని అడుగునున్న కండ ఉబ్బుతుంది. ఒకచోటికి చేరిన పుప్పొడి ఇంకొక చోటికి అక్కరకు రాదు.

జె. పి. నిచ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1950లో ఈ సంగతిని ప్రయోగపూర్వకంగా ప్రకటించాడు. పిందె మీది గింజలనన్నిటినీ ఒలిచివేస్తే కండ పెరగడం ఆగిపోయింది. కొన్నింటిని మాత్రమే ఉంచితే వాటి అడుగున మాత్రమే ఉబ్బింది. గింజలు తీసిన చోట ఆక్సిన్ అనే వృద్ధికారకాన్ని పూస్తే మరల పెరిగింది. ఫలదీకరణం చెందిన గింజ తన క్రిందనున్న కండకు పెరుగుమని ఆజ్ఞ పంపుతుందన్నమాట. ఆ ఆజ్ఞ అందని చోటు వాడిపోదు, కుళ్లిపోదు, పెరగకుండా ఉండిపోతుంది.

నివారణోపాయం అతి సులభం. మా అమ్మాయి నీటిరంగుల పెట్టెలోని మెత్తని కుంచెను కడిగి ఆరబెట్టాము. పుప్పొడి తడిగా ఉంటే ముద్దకట్టి రాలదు గనుక తెల్లవారి చెమ్మ ఆరి ఎండ ఎక్కినాక, పది పదకొండు గంటల వేళ ఈ పని చేయాలి. ముందుగా కేసరాల వలయం మీద కుంచెను మెల్లగా త్రిప్పితే దాని కొనకు పసుపుపచ్చని పొడి అంటుతుంది. తరువాత నడుమనున్న దిమ్మెను అడుగు నుండి కొన వరకు, చుట్టూ ఏ ప్రక్కా విడువకుండా తాకించాలి. కేసరాలన్నీ ఒకేసారి పగలవు కాబట్టి వరుసగా మూడు రోజులు అదే పువ్వు వద్దకు మరల పోవాలి. అయితే, కీలాగ్రాలు పుప్పొడిని అందుకొనే స్థితిలో ఉండేది పువ్వు విప్పారిన తరువాత కొద్ది రోజులు మాత్రమే. ఆ గడువు దాటాక బంగారు కుంచెతో తాకించినా ప్రయోజనం లేదు.

అలా చేసిన పూల నుండి నెల తిరిగేసరికి నున్నని, కోణాకారపు పండ్లు వచ్చాయి. ఇంతకూ నేను చేసినది తేనెటీగ నిత్యమూ చేసే పనే. జపానులో ప్లాస్టిక్ కప్పు క్రింద స్ట్రాబెర్రీ పండించే రైతులు ఆ ఇండ్లలో తేనెటీగల పెట్టెలను ఉంచుతారు. ఐరోపాలో బంబుల్‌బీ అనే నూగుపట్టిన బొద్దు తేనెటీగను ఇందుకోసమే పెంచి అమ్మే పరిశ్రమ 1980ల చివరి నుండి విస్తరించింది. కప్పు వేసి ఎండవానలను, పురుగులను ఆపిన మనిషి, దానితోపాటు మేలు చేసే ఈగనూ ఆపివేశాడు. ఆపినవాడే తిరిగి పిలుచుకొని రావలసి వచ్చింది.

కుంచె పట్టుకొని నిలబడిన ప్రతిసారీ నాకు మా దాదీ మనసులో మెదిలేది. కృష్ణా తీరంలోని మా గ్రామంలో పెరటి గుమ్మడి పాదు ఆమె సొత్తు. ఫజర్ నమాజు ముగించుకొని, ఇంకా వెలుగు పూర్తిగా రాకమునుపే పాదు వద్దకు వెళ్లి, మగపువ్వును త్రుంచి, రేకులు ఒలిచి, బిస్మిల్లా అంటూ ఆడపువ్వు లోపల తాకించేది. పరాగసంపర్కమనే మాట ఆమె వినలేదు. “ఊరికే పూస్తే కాయదురా, ఒకరు పలకరించాలి” అనేది. నాకు ఖురాను చదవడానికి అక్షరాలు నేర్పింది కూడా ఆమెయే. ఆ అక్షరాలతో ఈ వ్యాసానికి పని ఉన్నది గనుక ఇక్కడ ప్రస్తావించాను.

దాదీ పని పెరటికే పరిమితమైనది కాదు. అరబ్బు దేశాల ఖర్జూర తోటలలో వేల ఏండ్ల నుండి మనుషులు చెట్టెక్కి మగచెట్టు పూరెమ్మను ఆడచెట్టు పూగుత్తిలో ఉంచుతూ వస్తున్నారు. మదీనా రైతులు ఈ పని చేస్తుండగా ప్రవక్త ముహమ్మద్ (స) చూసి, దీనివలన ప్రయోజనం ఉంటుందని తాము తలచడం లేదని అన్నట్లు, రైతులు మానివేయగా ఆ యేడు కాపు చెడినట్లు, అప్పుడు వారు లోకవ్యవహారాలలో మీకే ఎక్కువ తెలుసునని రైతులతో చెప్పినట్లు సహీహ్ ముస్లిం గ్రంథంలో ఉన్నది. చేతిపనివాని అనుభవానికి అంతకంటె గొప్ప గౌరవం మరొకటి లేదని నేను భావిస్తాను.

స్ట్రాబెర్రీ చరిత్రలోనే ఇటువంటి ఘట్టం ఒకటున్నది. ఫ్రాన్సు రాజు పదునాలుగవ లూయీ 1712లో ఫ్రెజియే అనే సైనిక ఇంజనీరును దక్షిణ అమెరికా తీరానికి పంపాడు. అతడు 1714లో తిరిగి వస్తూ చిలీ దేశపు స్ట్రాబెర్రీ మొక్కలను వెంట తెచ్చాడు. ఓడ ప్రయాణంలో మిగిలి బ్రతికినవి అయిదు. అక్కడ చాలా పెద్ద పండ్లు కాసిన ఆ మొక్కలు ఫ్రాన్సు తోటలలో పూచాయి గాని కాయలేదు. కారణం, పెద్ద పండ్లకు ఆశపడి తెచ్చిన ఆ మొక్కలన్నీ ఆడమొక్కలు కావడమే. పుప్పొడి ఇచ్చే మరొక జాతి మొక్కలు ప్రక్కన నాటిన చోట మాత్రం అవి కాశాయి. ఈ చిక్కుముడిని విప్పినవాడు ఆంత్వాన్ నికొలా ద్యుషేన్. 1764లో అతడు చిలీ మొక్క పూలకు వేరొక జాతి స్ట్రాబెర్రీ పుప్పొడిని అందించి, కాసిన పండ్లను వెర్సాయ్ రాజప్రాసాదంలో పదునైదవ లూయీకి సమర్పించాడు. 1766లో స్ట్రాబెర్రీ మొక్కలను గూర్చి గ్రంథం వ్రాశాడు. నేడు మనం తినే స్ట్రాబెర్రీ, చిలీ జాతికీ ఉత్తర అమెరికాలోని వర్జీనియా జాతికీ ఐరోపా గడ్డ మీద పుట్టిన సంతానం. రాజుకు పండ్లు సమర్పించిన నాటికి ద్యుషేన్ వయస్సు పదునారు సంవత్సరాలు. డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరే మన విద్యార్థుల కంటె కొంచెం చిన్న ఈడు.

ఇక నేను చెప్పవలసిన అసలు విషయానికి వస్తాను. వృక్షశాస్త్ర అధ్యాపకురాలు పండును నా చేతిలో తిరిగి పెట్టిన రోజు రాత్రి పరీక్షా పత్రాలు దిద్దుతూ కూర్చున్నాను. హాల్‌టికెట్టు నెంబరు తప్ప మరేమీ లేని ఖాళీ పత్రం ఒకటి వచ్చింది. అది చూడగానే ముందటి సంవత్సరం అటువంటి పత్రమే ఇచ్చి, మొదటి సెమిస్టరు ముగియగానే కళాశాల మాని వెళ్లిన విద్యార్థి ఒకడు జ్ఞాపకం వచ్చాడు. బి.కాం. మొదటి సంవత్సరం. ఇంటర్మీడియట్ వరకు ఉర్దూ మాధ్యమంలో చదివినవాడు. రెండవ భాషగా ఉర్దూ తీసుకొనే వీలున్నా, ఉద్యోగానికి అక్కరకు వస్తుందని తెలుగును కోరుకున్నాడు. కడపటి బల్ల మీద కూర్చొని తల వంచుకొని ఏదో వ్రాస్తూ ఉండేవాడు. కుడి నుండి ఎడమకు సాగే ఆ చేతిని దూరం నుండి చూసి, వేరొక అధ్యాపకుని పాఠం నా తరగతిలో వ్రాసుకుంటున్నాడని అనుకునేవాడిని. ఖాళీ పత్రం చూసినప్పుడు, వీడికి తెలుగు రాదు, ఎందుకు తీసుకున్నాడో అని విసుక్కున్నాను. అతనిని పిలిచి అడగలేదు.

ఆంతరంగిక మూల్యాంకనానికి విద్యార్థులందరూ నోటు పుస్తకాలు ఇచ్చినప్పుడు ఉర్దూలో వ్రాసిన పుస్తకం ఒకటి వాటి మధ్య వచ్చింది. ఉర్దూ శాఖకు చేరవలసినది పొరపాటున ఇటు వచ్చిందనుకొని బీరువాలో ప్రక్కకు పెట్టి మరచిపోయాను. ఆ రాత్రి ఈ రెండు సంగతులూ ఒకదాని ప్రక్కన ఒకటి వచ్చి నిలిచాయి. మరునాడు బీరువా తెరచి ఆ పుస్తకాన్ని బయటకు తీశాను.

నాకు ఉర్దూ ధారాళంగా చదవడం రాదు. దాదీ నేర్పిన అక్షరాల ఆధారంతో వ్రేలు పెట్టి కూడబలుక్కుంటూ మొదటి పంక్తి చదివాను. ‘సవర్ణదీర్ఘ సంధి’ అని ఉన్నది. రెండవ పంక్తి చదివాను. అది నా మాటే. తరగతిలో నేను చెప్పిన వాక్యమే, నేను చెప్పిన తీరులోనే ఉన్నది. పుస్తకమంతా నా తెలుగు పాఠాలే, ఉర్దూ లిపిలో. ఉర్దూలో ‘ణ’కారమూ ‘ళ’కారమూ లేవు. ‘ట’, ‘డ’ల కోసం ఉర్దూలో అక్షరం పైన చిన్న ‘తోయ్’ గుర్తు పెట్టే పద్ధతి ఉన్నది కదా! ఆ కుర్రవాడు అదే పద్ధతిని పొడిగించి, ‘నూన్’ పైన ఆ గుర్తు ఉంచి ‘ణ’గాను, ‘లామ్’ పైన ఉంచి ‘ళ’గాను తనకు తానే కల్పించుకున్నాడు. ఎవ్వరూ నేర్పని వర్ణవివేకం అది. భాషాశాస్త్రంలో ఆ పాఠం చెప్పడానికి మాకు విశ్వవిద్యాలయంలో కొన్ని వారాలు పట్టింది.

అతనికి తెలుగు వచ్చును. వ్రాయడమూ వచ్చును. తెలుగు అక్షరాలు మాత్రం రావు. నోటిలోని భాషకూ చేతిలోని లిపికీ మధ్య ఉన్నది వెంట్రుకవాసి దూరమే. పరీక్షలో ఏ లిపిలో వ్రాయాలో తెలియక తెల్లకాగితం ఇచ్చి వెళ్లాడు. దాటించవలసినవాడిని నేను, జీతం తీసుకుంటున్నది అందుకే.

సహాధ్యాయులను విచారించి అతని ఆచూకీ తెలుసుకున్నాను. సెల్‌ఫోన్లు మరమ్మతు చేసే చిన్న దుకాణంలో పనిచేస్తున్నాడు. నన్ను చూసి లేచి నిలబడి, స్టూలు తుడిచి వేశాడు. పుస్తకం చూపగానే సిగ్గుపడ్డాడు. తిరిగి చేరమని, ఫీజు సంగతి నేను చూసుకుంటానని చెప్పాను.

“ఇప్పుడు కాదు సార్. తమ్ముడు పదో తరగతిల ఉన్నడు. ఆని చదువు నేనే చూస్తున్న” అన్నాడు. నిష్ఠూరం లేదు. కొంతసేపటికి తానే అడిగాడు: “సార్, తెలుగుల ‘ణ’ ఎట్ల రాస్తరు?”

దుకాణంలో పడి ఉన్న ఖాళీ అట్టపెట్టె మీద వ్రాసి చూపాను. దాని క్రింద తాను నాలుగుసార్లు వ్రాశాడు. నాలుగవది చక్కగా కుదిరింది. పుస్తకం తిరిగి ఇవ్వబోతే, “మీ దగ్గరనే ఉండనీయుండ్రి సార్” అన్నాడు.

విద్యార్థిని పువ్వుతో పోల్చి ముగించడం నాకు ఇష్టం లేదు. పువ్వు గడువు దాటితే దాటినట్లే. మనిషి గడువు అంత కఠినం కాదు. ఆ కుర్రవాడు రేపు సార్వత్రిక విశ్వవిద్యాలయంలో చేరవచ్చు. అయినా తప్పిన సంవత్సరం తప్పినదే. దానిని నా ఖాతాలో వ్రాసుకోవడమే న్యాయం.

ఫిబ్రవరి నెల నుండి ఉర్దూ శాఖలోని మిత్రుడు, నేను కలిసి ఒక ప్రయత్నం ప్రారంభించాము. ఆ నోటు పుస్తకాన్నే ఆధారంగా తీసుకొని, ప్రతి తెలుగు అక్షరానికి ఎదురుగా ఉర్దూ అక్షరాన్ని, లేనిచోట ఆ కుర్రవాడు కల్పించిన గుర్తునూ ఉంచి రెండు పుటల పట్టిక తయారుచేశాము. మొదటి పీరియడుకు ముందు అరగంట కూర్చుంటాము. ప్రస్తుతం పదకొండుగురు వస్తున్నారు. 1993లో కెనడాలోని క్యుబెక్ శాస్త్రవేత్తలు స్ట్రాబెర్రీ పొలంలో ఒక విశేషం కనుగొన్నారు. పెద్ద తేనెటీగ దిమ్మె కొనమీద వాలి అక్కడి కీలాగ్రాలను తాకుతుంది. స్థానికమైన చిన్న ఈగలు అడుగున చుట్టూ తిరిగి, పెద్దది విడిచిన వాటిని తాకుతాయి. రెండూ వచ్చిన పువ్వే నిండు పండవుతుంది. మా ఇద్దరిలో పెద్ద ఈగ ఎవరో, చిన్న ఈగ ఎవరో ఇంకా తేలలేదు.

కళాశాల కమిటీ పెద్దలకు నా విన్నపం ఒకటే. ప్రవేశాలు ముగిసిన మొదటి నెలలోనే, కొత్తగా చేరిన ప్రతి విద్యార్థినీ ఒక అధ్యాపకుడు విడిగా కూర్చోబెట్టుకొని, ఏ భాషలో ఆలోచిస్తావు, ఏ లిపిలో వ్రాస్తావు అని అడిగే ఏర్పాటు చేయాలి. ఈ అరగంటకు ఒక గదిని శాశ్వతంగా కేటాయించాలి. పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. సకాలంలో జరగవలసిన పని మాత్రమే.

విద్యార్థులకు కూడా ఒక మాట. కడపటి బల్లల మీద కూర్చున్నవారు, దయచేసి, నేను అడిగే వరకు ఆగకండి. నేను తప్పకుండా అడుగుతాను. మరచిపోతే మీరే వచ్చి చెప్పండి.

మార్చి ఎండలు ముదిరి మా స్ట్రాబెర్రీ మొక్కలు ఇప్పుడు వాడుముఖం పట్టాయి. కడపటి పువ్వుకు కుంచె తాకిస్తుంటే మా అమ్మాయి వంగి చూస్తూ, “అబ్బా, గోడవైపు కూడా తాకించారా?” అని అడిగింది. కుండీని త్రిప్పి చూశాను. తాకించలేదు.

నోటు పుస్తకం తెలుగు శాఖలో నా బల్ల సొరుగులో ఉన్నది. చూడదలచినవారు ఎప్పుడైనా వచ్చి చూడవచ్చు.